చప్పుడును పట్టుకుంటే పాటే!

రాట్నం రొద, రైలు కూత, దీపం మీద టంగుమన్న దెబ్బ... వీటితోనూ సంగీతం కట్టొచ్చని చేసి చూపించిన వాళ్లలో ఆడవాళ్లు ముందు వరసలో ఉన్నారు. వాళ్ల పేర్లు మాత్రం చాలాకాలం వెనక వరసలోనే ఉండిపోయాయి. మరి మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల చప్పుళ్ల మాటేమిటి?

తెల్లారకముందే వాకిట్లో చీపురు చప్పుడు. ఆ తర్వాత బిందెలో కుళాయి నీళ్లు. తాలింపులో ఆవాల చిటపటలు. కుక్కర్ మూడో కూత. మధ్యాహ్నానికి కుట్టుమిషను టకటకలు... రోజంతా మన చెవుల్లో పడేవి ఇవే. కానీ వీటిని ఎవరూ వినరు. "ఏటా సప్పుడు?" అని విసుక్కోవడమే తప్ప, అందులో ఏముందోనని చెవి ఒగ్గే వాళ్లు తక్కువ.

సంగీతమంటే వీణ, వయొలిన్, హార్మోనియం, గాత్రం... అంతేగా! విజయనగరం లాంటి ఊళ్లో అయితే మరీను. 1919లోనే మహారాజావారు సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని తొలి ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరది. ఘంటసాల, పి.సుశీల చదువుకున్నదీ అక్కడే. అలాంటి చోట "చీపురు చప్పుడూ సంగీతమే" అంటే నవ్వుతారు.

అయినా సరే, గడిచిన ఎనభై ఏళ్లుగా ప్రపంచంలో ఇలాంటి సంగీతం ఒకటి పెరుగుతూ వస్తోంది. ఇందులో ముందు రాగం ఉండదు, వాయిద్యం ఉండదు. ముందు ఒక చప్పుడు ఉంటుంది. దాన్ని రికార్డు చేస్తారు. ఆ రికార్డును కోసి, అతికి, సాగదీసి, తిరగేసి, ఒకదాని మీద ఒకటి పేర్చి పాటలా కడతారు. విన్నవాళ్లకు అది ఏ చప్పుడో పోల్చుకోవడం కూడా కష్టమే. ప్రయోగాత్మక ఎలక్ట్రానిక్ సంగీతం అని పెద్దపేరు పెట్టారు గానీ, పద్ధతి మనకు కొత్తదేం కాదు.

బ్యాటరీ తగ్గిన టేపు గుర్తుందా?

క్యాసెట్ల కాలం చూసినవాళ్లకు బాగా తెలుసు. టేప్‌రికార్డర్‌లో బ్యాటరీ తగ్గిందంటే చాలు, సుశీలమ్మ గొంతు కూడా బరువెక్కి, సాగిపోయి, మగగొంతులా వినిపించేది. అయ్యో అని బ్యాటరీ మార్చేసేవాళ్లం. ఈ సంగీతకారులు సరిగ్గా అక్కడే ఆగి విన్నారు! టేపు వేగం సగానికి తగ్గిస్తే పాట నిడివి రెట్టింపవుతుంది, శ్రుతి సరిగ్గా ఒక స్థాయి కిందికి దిగుతుంది. గాజుల గలగల గుడిగంటల్లా మారిపోతుంది.

మరో చిట్కా తిరగేయడం. ఇత్తడి బిందె మీద గరిటెతో కొడితే ముందు ఠంగుమంటుంది, తర్వాత మెల్లగా అణగిపోతుంది. అదే రికార్డును వెనకనుంచి వినిపిస్తే ఎక్కడినుంచో సన్నగా మొదలై, పెరిగి పెరిగి, టక్కున ఆగిపోతుంది. బిందె అని ఎవరూ చెప్పలేరు.

ఇంకోటి చుట్ట. టేపు ముక్క రెండు కొసలూ అతికేస్తే అదే చప్పుడు తిరగలిలా మళ్లీ మళ్లీ వస్తుంది. దానికదే తాళమైపోతుంది. జల్లెడ పట్టినట్టు బొంగురు పోగొట్టి సన్నటి ధ్వనిని మాత్రమే మిగుల్చుకోవచ్చు. బావిలో పిలిచినట్టు ప్రతిధ్వని చేర్చొచ్చు. అప్పట్లో వీటన్నిటికీ బ్లేడు, అతికే టేపు, గదినిండా యంత్రాలు కావాలి. ఇప్పుడు చేతిలో ఫోను చాలు.

కైరోలో ఆడవాళ్ల పాట, పారిస్‌లో రైలు కూత

ఈ పని మొదట చేసినవాళ్లలో ఒకరు ఈజిప్టుకు చెందిన హలీమ్ ఎల్ దబ్. 1944లో కైరోలోని రేడియో వాళ్ల దగ్గర తీగమీద రికార్డుచేసే యంత్రాన్ని అరువు తెచ్చుకున్నారు. ఆడవాళ్లు జరుపుకునే 'జార్' అనే తంతుకు దాన్ని మోసుకెళ్లారు. ఒంట్లో పట్టిన పీడను పాటతో, ఊగుడుతో వదిలించుకునే తంతు అది. అక్కడి పాటలను రికార్డుచేసి, మాటలు పోయి గొంతుల మార్మోత మాత్రమే మిగిలేట్టు మార్చారు. ఆ ఏడాదే ఒక చిత్రకళా ప్రదర్శనశాలలో వినిపించారు. ఈ కథలో ఒకటి గమనించండి... కట్టినాయన పేరు మనకు తెలిసింది. పాడిన ఆ ఆడవాళ్ల పేర్లు తెలియవు.

నాలుగేళ్ల తర్వాత పారిస్‌లో రేడియో ఇంజినీరు పియర్ షెఫర్ ఒక రైల్వేస్టేషన్‌కు వెళ్లి ఆవిరి ఇంజన్ల కూతలు, చక్రాల చప్పుళ్లు రికార్డు చేసుకొచ్చారు. వాటితో కట్టిన మూడు నిమిషాల పాట 1948 అక్టోబరు 5న రేడియోలో వచ్చింది. ఈ పద్ధతికి ఆయన పెట్టిన పేరు 'మ్యూజిక్ కాంక్రెట్'. సిమెంటు కాంక్రీటు కాదు సుమా! ఊహలో రాసుకున్న స్వరాలతో కాకుండా, చేతికందే నిజమైన చప్పుడుతో మొదలయ్యేదని అర్థం.

పలాస, ఆమదాలవలస, విజయనగరం స్టేషన్లలో కూడా ఒకప్పుడు ఆ ఆవిరి కూతలే వినిపించేవి. ఇప్పుడు ఆ దారిలో కరెంటు రైళ్లే. చప్పుడు పోయాక తెచ్చుకోలేం. రికార్డు ఉంటేనే ఉన్నట్టు.

"స్టూడియోలో ఆడవాళ్లకు ఉద్యోగాలివ్వం"

ఇంగ్లండుకు చెందిన డాఫ్నీ ఒరామ్ టీనేజిలోనే, సంగీత కళాశాలలో సీటు వదులుకుని మరీ బీబీసీ రేడియోలో చేరింది. పగలంతా ఉద్యోగం. రాత్రి అందరూ వెళ్లిపోయాక వేర్వేరు గదుల్లోని టేపు యంత్రాలను ఒకచోటికి తోసుకొచ్చి ప్రయోగాలు చేసుకునేది. తెల్లారేసరికి వాటిని మళ్లీ యథాస్థానంలో పెట్టేసేది! ఇంటిపనంతా అయ్యాక దీపం దగ్గర కుట్టు ముందేసుకునే ఆడవాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పక్కర్లేదు.

ఆమె ఏళ్ల తరబడి పోరగా పోరగా 1958లో 'రేడియోఫోనిక్ వర్క్‌షాప్' అనే విభాగం ఏర్పడింది. తాను కోరుకున్న సంగీతానికి అక్కడ చోటు లేదని ఏడాది తిరక్కుండానే రాజీనామా చేసి, పల్లెటూళ్లో సొంత స్టూడియో పెట్టుకుంది. ఫిల్ము మీద గీతలు గీస్తే వాటిని ధ్వనిగా మార్చే యంత్రాన్ని తయారుచేసింది. ముగ్గు వేస్తే పాట వినిపించినట్టన్నమాట! 2003లో ఆమె కన్నుమూసింది. ఆ యంత్రాన్ని లండన్ సైన్స్ మ్యూజియం జనానికి చూపించింది 2011లో.

డీలియా డార్బిషైర్ కథ ఇంకోటి. కేంబ్రిడ్జిలో లెక్కలు, సంగీతం చదువుకున్న అమ్మాయి. 1959లో డెక్కా రికార్డుల కంపెనీకి ఉద్యోగానికి వెళ్తే, రికార్డింగ్ స్టూడియోల్లో ఆడవాళ్లను పెట్టుకోమని మొహమ్మీదే చెప్పారు. తర్వాత బీబీసీలో చేరి, 1962లో ఒరామ్ పోరాడి పెట్టించిన ఆ వర్క్‌షాప్‌కే వచ్చింది.

1963లో 'డాక్టర్ హూ' అనే టీవీ సీరియల్‌కు రాన్ గ్రెయినర్ బాణీ రాసిచ్చారు. దాన్ని ధ్వనిగా మార్చే పని డీలియాకు పడింది. అప్పటికి అక్కడ సింథసైజర్ లేదు. మీటిన తీగ చప్పుడు ఒకటి, యంత్రాల మోత ఇంకొకటి... ఒక్కో స్వరాన్ని విడిగా రికార్డుచేసి, కావలసిన శ్రుతికి మార్చి, టేపును అంగుళాల్లెక్కన బ్లేడుతో కోసి అతికింది. మల్లెమొగ్గల దండ కట్టినంత ఓపిక! ఎక్కడో ఒక స్వరం తప్పితే టేపులను పొడవాటి వరండాలో పక్కపక్కనే పరిచి, తేడా ఎక్కడుందో వెతికేవారు.

వినగానే గ్రెయినర్ నివ్వెరపోయారు. ఆమెనూ సహ సంగీతకర్తగా చూపించాలని ఆయనే అడిగారు. అక్కడి నిబంధనలు ఒప్పుకోలేదు. వర్క్‌షాప్‌లో పనిచేసేవాళ్ల పేర్లు వేయరట! 1973లో ఆమె బీబీసీ వదిలేసింది. 2001లో చనిపోయింది. ఆమె ఇంటి అటక మీది పెట్టెల్లో 267 టేపులు దొరికాయి. టీవీ తెరమీద ఆమె పేరు పడింది ఎప్పుడో తెలుసా? 2013లో. పాట పుట్టిన యాభై ఏళ్లకు, ఆమె పోయిన పన్నెండేళ్లకు!

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైన వాయిద్యం ఏమిటనుకున్నారు? ఆకుపచ్చ రంగు రేకు లాంప్‌షేడు! దాన్ని కొట్టి, కొట్టిన తొలి దెబ్బను తీసేసి, వెనక మిగిలిన మోతతో ఎడారి గాలిలాంటి పాటలు కట్టింది.

అమ్మ ఇచ్చిన కానుక

అమెరికాలో పాలీన్ ఒలివెరోస్‌కు 1953లో, ఇరవై ఒకటో పుట్టినరోజుకు, వాళ్లమ్మ టేప్‌రికార్డర్ కొనిచ్చింది. ఆ పిల్ల మైకును కిటికీలో పెట్టి వీధిని రికార్డు చేసింది. తర్వాత వింటే ఆశ్చర్యం... తాను అక్కడే కూర్చున్నా వినని చప్పుళ్లెన్నో టేపులో ఉన్నాయి! ఆనాటినుంచి అన్నిటినీ వినడమే సాధనగా పెట్టుకుంది. 2016లో చనిపోయేవరకూ ఎందరికో ఆ వినడాన్నే నేర్పింది. కూతురికి నగ కొనడమే కాదు, చెవులు తెరిపించే వస్తువు కొనివ్వడమూ తల్లి పనే!

కెనడాలో స్థిరపడిన హిల్డెగార్డ్ వెస్టర్‌క్యాంప్ 1989లో వాంకూవర్ సముద్రతీరంలో రాళ్లను అంటిపెట్టుకునే చిన్నచిన్న గుల్లపురుగుల చిటచిటలను రికార్డు చేసింది. వెనక ఊరి రొద హోరెత్తుతున్నా ఆ చిట్టి చప్పుళ్లను ముందుకు తెచ్చింది. ఊరి హోరులో సన్నటి గొంతులకూ చోటుండాలన్నది ఆమె చెప్పకనే చెప్పిన మాట. మన భీమిలి, కళింగపట్నం తీరాల్లో నడిచేవాళ్లకు ఆ సంగతి వేరే చెప్పాలా?

అహ్మదాబాద్‌లో గీతాబెన్

ఇదంతా తెల్లదొరల గొడవేనా అంటారేమో. కాదు. అహ్మదాబాద్ సారాభాయ్ కుటుంబంలో గీతా సారాభాయ్ అనే ఆవిడ ఉండేవారు. అంతరిక్ష శాస్త్రవేత్త విక్రమ్ సారాభాయ్‌కు తోబుట్టువు. ఆడవాళ్లు పఖవాజ్ ముట్టని రోజుల్లో దాన్ని పట్టుకున్న మనిషి. 1946లో న్యూయార్క్ వెళ్లి, అక్కడి జాన్ కేజ్ అనే సంగీతకారుడికి మన సంగీతం నేర్పి, ఆయన దగ్గర వాళ్ల సంగీతం నేర్చుకున్నారు. ఫీజుల్లేవు, ఇచ్చిపుచ్చుకోవడమే.

ఆమె తోబుట్టువులు గౌతమ్, గిరా చొరవతో 1961లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కు 1969లో మూగ్ సింథసైజర్ వచ్చింది. అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ వచ్చి స్టూడియోను అమర్చారు. గీతాబెన్‌తోపాటు ఐ.ఎస్.మాథుర్, అతుల్ దేశాయ్, ఎస్.సి.శర్మ, విద్యార్థి జిన్‌రాజ్ జోషీపురా అక్కడ పాటలు కట్టారు. మూడేళ్లకే, 1972తో, అది ముగిసింది. టేపులు బీరువాల్లో పడుకున్నాయి.

2017లో పాల్ పర్గస్ అనే బ్రిటిష్ కళాకారుడు వెతుక్కుంటూ వచ్చి 27 టేపు చుట్టలను బయటికి తీశారు. 2020లో బీబీసీ రేడియోలో వాటి కథ వచ్చింది. 2023లో కొన్ని పాటలు రికార్డుగా వెలువడ్డాయి. గీతాబెన్ వినలేదు. 2011లోనే వెళ్లిపోయారు. ఎవరో ఒకరు పారెయ్యకుండా దాచబట్టి కదా, ఈపాటికైనా మనకు దక్కాయి!

మన జిల్లాల చప్పుళ్లు

ఇక మన గడపలోకి వద్దాం. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు పేరు ఎవరు వినలేదు? చీర చూసి మెచ్చుకుంటాం. దాని వెనక చప్పుడు విన్నామా? వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వుతారు... సరసరమంటుంది. విల్లుతో ఏకుతారు... ఆ నారి మోత తుంబురా మీటినట్టే ఉంటుంది. ఏకులు చుట్టి అరటి దొన్నెలో దాచుకుని, ఒంటి కదురు రాట్నం మీద సన్నటి నూలు తీస్తారు. చక్రం తిరిగే రొద, నూలు సాగేటప్పటి సన్నటి ఈల, చుట్టేటప్పటి విరామం... తాళం తప్పదు. ఈ పనంతా ఆడవాళ్లదే. అమ్మ నుంచి కూతురికి వచ్చిన విద్య.

పలాస, కాశీబుగ్గల జీడిపప్పు బట్టీల్లో గింజ పగలగొట్టే టపటపలు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసదుంగను వీణగా తొలిచే ఉలి దెబ్బలు... వీణ ఇంకా పలకకముందే వినిపించే వీణ నాదమది. బుడితిలో ఇత్తడిని సాగగొట్టే సుత్తి. నెల్లిమర్ల జనపనార మిల్లు. గుండెలకు కట్టుకున్న రేకు గుల్లలు, కాళ్ల గజ్జెలు కలిసి మోగే తప్పెటగుళ్లు. తీగను బిగించి, వదిలి మీటుతుంటే శ్రుతి పైకీ కిందికీ జారే జముకు... ఆ జారుడు కోసమే కదా సింథసైజర్లో అన్ని మీటలు పెట్టుకున్నారు!

తేలినీలాపురానికి ఏటా వచ్చే ఎర్రకాళ్ల కొంగలను ఊరివాళ్లు పురిటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. ఆ కొంగలకు పెద్దగా గొంతుండదు. ముక్కులు టకటకలాడిస్తాయి. చింతచెట్ల మీద చిడతలు వాయించినట్టుంటుంది.

ఉద్దానం కొబ్బరితోటల గాలి ఇంకోటి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు లెక్కలేనన్ని కొబ్బరి, జీడిచెట్లు నేలకూలాయి. చెట్లతోపాటు వాటి ఆకుల మోతా పోయింది. నష్టాల జాబితాలో చప్పుడుకు గడి ఉండదు కదా!

ఒక్కమాట మరిచిపోకూడదు. రాట్నం రొద మన చెవికి పాట. రోజంతా దాని ముందు నడుం వంచే ఆమెకు అది కూలి. జీడిగింజ టపటపల వెనక జీడి అంటి నల్లబడిన వేళ్లున్నాయి. మిల్లు హోరు వినసొంపేం కాదు, ఏళ్ల తరబడి వింటే వినికిడే పోతుంది. అందుకే చప్పుడును మెచ్చుకుని మనిషిని మరిచిపోతే అది అన్యాయం. కైరోలో పాడిన ఆడవాళ్లకు జరిగిందీ, డీలియాకు జరిగిందీ అదే కదా!

మీరూ కట్టొచ్చు... ఇదిగో విధానం

కావలసినవి: రికార్డింగ్ ఉన్న ఫోను, కంచుగిన్నె, గరిటె, ఈనెల చీపురు, కుట్టుమిషను. వీలుంటే కంప్యూటర్, అందులో 'ఆడాసిటీ' అనే ఉచిత ప్రోగ్రాం. ఫోన్లలోనూ ఇలాంటి ఉచిత యాప్‌లు దొరుకుతాయి.

తయారీ: ఫ్యాను ఆపండి. ఫోన్లు రాకుండా ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఫోనును జానెడు దూరంలో ఉంచి ఒక్కో చప్పుడునూ ఒక నిమిషంపాటు విడివిడిగా రికార్డు చేయండి. ఆరుబయటైతే గాలి కొట్టకుండా మైకు దగ్గర పల్చటి నూలుగుడ్డ అడ్డుపెట్టండి.

కుట్టుమిషను చప్పుడులో నాలుగు సెకన్ల ముక్క కోసి, మళ్లీ మళ్లీ వచ్చేట్టు చేయండి. అది మీ తాళం. కంచుగిన్నె మోతను సగం వేగానికి తగ్గించి కింద పరచండి. అది మీ శ్రుతి. ఇంకో గిన్నె దెబ్బను తిరగేసి అక్కడక్కడా తాలింపులా వేయండి. చీపురు చప్పుడుకు కాస్త ప్రతిధ్వని చేర్చి చివర్లో కలపండి. మొత్తం రెండు నిమిషాలు మించనివ్వకండి. ఉప్పెక్కువైన కూరలా, చప్పుళ్లు ఎక్కువైనా పాడే! ఒకటి తీసేసి వినండి. బాగుంటే తీసేసినట్టే ఉంచండి.

పనిచేసేచోట రికార్డు చేయాలంటే ముందు అడగండి. వద్దంటే మానేయండి. సరేనంటే చేశాక ఆమెకే మొదట వినిపించండి. రికార్డు మొదట్లో ఊరు, తేదీ, ఏం పని, ఎవరు చేస్తున్నారు... మీ గొంతుతోనే చెప్పి పెట్టండి. పేరు చెప్పాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఫోను పోతే అన్నీ పోతాయి కాబట్టి ఇంకోచోట కూడా దాచండి.

పాట కట్టడం రాకపోయినా ఫర్వాలేదు. ఇంట్లో అమ్మమ్మ రోట్లో పచ్చడి రుబ్బుతుంటే, అత్తయ్య చేట చెరుగుతుంటే ఒక్క నిమిషం పట్టి దాచండి చాలు. పదేళ్ల తర్వాత మీ అమ్మాయి దానితో ఏం కడుతుందో ఎవరు చెప్పగలరు? వంటల పుస్తకంలో అమ్మమ్మ పేరు రాసుకుంటాం కదా, ఈ చప్పుడు పక్కనా ఆమె పేరు రాసిపెట్టండి. డీలియా పేరు పడ్డానికి యాభై ఏళ్లు పట్టింది. మన ఇంట్లో అంతసేపెందుకు?